గాలి తగలని రీడింగులు

సూర్యకుమారికి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉండేది. కార్లు తయారు చేసేవాళ్లు బానెట్టు వంపు కోసం నెలల తరబడి కష్టపడతారు. ముందు అద్దం ఒక్క డిగ్రీ వాల్చడానికి గొడవలు పడతారు. అదే కారు కింద పడుకుని చూస్తే మాత్రం గొట్టాలు, గుంటలు, బోల్టులు, వేలాడే రేకులు. గాలి కారు పైనుంచే కాదు, కిందనుంచి కూడా పోవాలి. హైవే మీద ఇంజను ఖర్చు పెట్టే బలంలో సగానికి పైగా గాలిని తోసుకుపోవడానికే సరిపోతుంది. ఆ అడ్డంకిలో దాదాపు పావు వంతు ఈ అడుగుభాగానిదే. మరి దాన్నెందుకు అలా వదిలేస్తారు? కెనడాలోని ఒంటారియోలో, కార్ల మీదికి గాలి వదిలి పరీక్షించే ఒక విండ్ టన్నెల్‌లో టెక్నీషియన్‌గా పనిచేసిన పద్దెనిమిదేళ్లూ ఆమె ఈ మాట ఇంజనీర్లను అడుగుతూనే వచ్చింది. ఖర్చు అన్నారు. మంచు పేరుకుంటుందన్నారు. మెకానిక్ చెయ్యి దూరదన్నారు. ఒకాయన మాత్రం నవ్వి, షోరూములో ఎవరూ పడుకుని చూడరు కదమ్మా అన్నాడు. అన్నీ నిజమే కావచ్చు, కానీ ఆమె మనసు కుదుటపడలేదు.

2019 అక్టోబరు ఆఖరి మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు, రెజైనాలోని ఒక షెడ్డులో ఆమె అలాంటి కారు కిందే వెల్లకిలా పడుకుని ఉంది. మూడు వారాల కిందట తనీష్ చనిపోయింది సరిగ్గా అక్కడే.

ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ, అమరేశ్వరరావుగారి చిన్న కంపెనీలో పార్ట్ టైమ్ చేసేవాడు. ఆ కంపెనీ తయారు చేసేది ఒక్కటే వస్తువు. కారు అడుగున బిగించుకునే నున్నటి ప్లాస్టిక్ ప్యానెల్. గుంటలన్నిటినీ అది కప్పేస్తే గాలి జారిపోతుంది, హైవే మీద నూటికి నాలుగు లీటర్ల పెట్రోలు మిగులుతుంది. అక్టోబరు ఎనిమిదిన ఆ ప్యానెల్ బిగిస్తుండగా ట్రాలీ జాక్ మీదున్న కారు జారి తనీష్ నడుము మీద పడింది. జాక్ జారినా కారును ఆపే స్టాండ్లు కింద పెట్టలేదు. శవపరీక్ష చేసిన డాక్టరు ఒక్కమాట స్పష్టంగా రాశాడు. ఇరుక్కున్నాక కుర్రాడు అరగంటకు పైగా బతికే ఉన్నాడు.

పక్కన ఎవరైనా ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. కంపెనీ ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన పరిశోధకుడు రంగనాథ్, ఎవరూ లేరని తేల్చేశాడు. మృతుడు నియమాలు మీరి, ఒంటరిగా, స్టాండ్లు పెట్టకుండా పనిచేసి తన నిర్లక్ష్యం వల్లే చనిపోయాడని రిపోర్టు టైపు చేయించాడు. సాయంత్రం అయిదింటికి దాన్ని పంపేస్తాడు. తనీష్ అక్క ఇషిత బర్నబీలో ఉద్యోగం చేస్తోంది. కార్ల సంగతి తెలిసిన మనిషని, ఇప్పుడు రెజైనాలోనే ఉంటున్న సూర్యకుమారికి ఆమె ఫోన్ చేసి అడిగింది కూడా ఇదొక్కటే. "ఆంటీ, వాడు బడికి వెళ్లేటప్పుడు బ్యాగు జిప్పు మూడుసార్లు లాగి చూసుకునేవాడు. వాడి చావుకు వాడే కారణమని రాస్తుంటే ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను."

"ఏమన్నా దొరికిందా మేడమ్?" కారు పక్కన నిగనిగలాడే నల్ల బూట్ల పైనుంచి రంగనాథ్ గొంతు వినిపించింది. "దొరక్కపోతే పైకి రండి. ఆ నేల చల్లగా ఉంటుంది, మీ నడుముకు మంచిది కాదు."

"నా నడుము సంగతి నేను చూసుకుంటాలే. ఈ ప్యానెల్‌కు బోల్టులెన్ని?"

పది అన్నాడు. వాటిలో బిగించినవి ఆరు. వెనక నాలుగు, నడిమధ్య రెండు. ముందు వరస నాలుగూ ఖాళీ. సూర్యకుమారి పాకుతూ బయటికొచ్చి, చీర మీద వేసుకున్న కోటు దులుపుకుని, రంగనాథ్‌ను ఒక పని చేయమంది. కింద పడుకుని, ఎవరి సాయం లేకుండా, ప్యానెల్ ముందు అంచును బంపర్ గాడిలోకి దూర్చి ఒక్క బోల్టు బిగించాలి.

రంగనాథ్ నవ్వాడు గానీ వెనక్కి తగ్గలేదు. గుంటూరులో తమ ఇంటి వెనకే గ్యారేజీ ఉండేదని, కారు పనులు తనకు కొత్త కాదని చెప్పి, కోటు విప్పి, నాలుగు స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టిన కారు కిందికి దూరాడు. ఆమె చేతి గడియారం చూస్తూ నిలబడింది. అయిదడుగుల ప్యానెల్ అది. చేత్తో అంచు పట్టుకుంటే బోల్టు పెట్టడానికి చెయ్యి మిగలదు. బోల్టు పెట్టబోతే అంచు గాడిలోంచి జారిపోతుంది. చిన్న స్టూలు అడిగాడు, ఇచ్చింది. స్టూలు ఆనించగానే ప్యానెల్ ముందు భాగం ఉబ్బి, అంచు జారి మొహానికి తగిలింది. ఆరు నిమిషాల తర్వాత, తెల్ల చొక్కా చేతులకు నల్లటి గ్రీజుతో బయటికొచ్చాడు.

"ముందు నుంచి ఒకరు అంచు నొక్కి పట్టుకోవాలి. రెండో మనిషి కింద బిగించాలి," అందామె. "తనీష్ కింద ఉన్నాడు. అంచు పట్టుకున్నదెవరు?"

"ఎవరూ పట్టుకోలేదు కాబట్టే ఆ నాలుగూ ఖాళీగా ఉన్నాయి. ఒంటరిగా మొదలుపెట్టాడు, అక్కడికొచ్చాక చిక్కుకుపోయాడు." చొక్కా చూసుకుంటూ విసుక్కున్నాడు రంగనాథ్. "మీరు అమరేశ్వరరావుగారి దగ్గరే పని నేర్చుకున్నారట కదా. ఆయన మీద ఇంత కక్ష ఎందుకో నాకర్థం కావట్లేదు. గుడి కమిటీకి పెద్ద. కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంటుకూ దుప్పట్లు, బియ్యం ఇప్పించే మనిషి."

ఆ దుప్పట్లు మోసినవాళ్లలో సూర్యకుమారీ ఉంది. కక్ష ఉంటే ఈ పని ఎంత తేలికయ్యేదో అనుకుంది.

రంగనాథ్ తన చివరి అస్త్రం బయటికి తీశాడు. అది ఒక నోటుబుక్కు. ఆ రోజు ఉదయం అమరేశ్వరరావుగారు, రెండో స్టూడెంటు ప్రణీత్ కలిసి రెండో కారుతో రోడ్డు టెస్టుకు వెళ్లారు. మూస్ జా అనే ఊరి వైపు, ఇక్కడికి నలభై నిమిషాల దూరంలో, తూర్పు పడమరలుగా తిన్నగా పోయే రోడ్డు. తొమ్మిదీ యాభైకి మొదటి రన్, పదకొండూ అయిదుకు ఎనిమిదో రన్. తిరిగొచ్చి షెడ్డు తలుపు తీసి, పదకొండూ యాభై రెండుకు ఆయనే అంబులెన్సుకు ఫోన్ చేశారు. ప్రతి రన్‌కూ టైము రాసి ఉంది. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

సూర్యకుమారి కళ్లద్దాలు తుడుచుకుని పుస్తకం విప్పింది. ఈ టెస్టు ఆమె వందలసార్లు చూసింది. కారును వంద కిలోమీటర్ల వేగానికి తెచ్చి, న్యూట్రల్‌లో పెట్టి వదిలేస్తారు. వేగం అరవైకి పడిపోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. గాలి అడ్డుకున్న కొద్దీ త్వరగా పడిపోతుంది. ప్యానెల్ మంచిదైతే కారు ఇంకాస్త ఎక్కువసేపు జారుతుంది. ఆ నాలుగైదు సెకన్లే తర్వాత పెట్రోలు లెక్కగా మారతాయి.

పేజీ చూడముచ్చటగా ఉంది. పెన్సిలుతో గీసిన మార్జిను. ఎడమ పేజీలో గ్రాఫు, కుడి పేజీలో పట్టిక. పడమటికి నాలుగు రన్‌లు: 49.1, 48.8, 49.3, 49.0. తూర్పుకు నాలుగు: 49.2, 48.9, 49.1, 49.0. కింద సగటు, దాని కింద రెండు గీతలు. మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా ఒకటే పెన్ను, ఒకటే ఒత్తిడి. కదిలే కారులో ఒళ్లో పెట్టుకుని రాసిన పేజీకి ఇంత చక్కదనం రాదు.

ఆమె ఫోన్ తీసి ఎయిర్‌పోర్టు వాతావరణ రికార్డులో ఆ రోజు తేదీ వెతికి రంగనాథ్ ముందు పెట్టింది. అక్టోబరు ఎనిమిది, ఉదయం పది గంటలు. పడమటి గాలి, గంటకు నలభై కిలోమీటర్లు.

"అయితే? రెండు వైపులా నడిపేది గాలి ప్రభావం కొట్టేయడానికే కదా. నాకూ ఆమాత్రం తెలుసు."

"సగటులో కొంత కొట్టేస్తుంది. ఒక్కొక్క రన్‌లో కొట్టేయదు రంగనాథ్‌గారూ. పడమటికి పోతే నలభై కిలోమీటర్ల ఎదురుగాలి. ముప్పై సెకన్లకే వేగం పడిపోవాలి. తూర్పుకు పోతే అదే గాలి వీపున తోస్తుంది. నిమిషం దాటినా పడకూడదు. ఇక్కడ ఎటుపోయినా నలభై తొమ్మిదే. అసలంత గాలిలో ఈ టెస్టు చేయరు. చేసినా ఈ అంకెలు రావు."

రంగనాథ్ పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు. తెలివైనవాడే, మళ్లీ చెప్పించుకోలేదు. కానీ పుస్తకం మూసేసినప్పుడు మొహంలో మెత్తదనమేమీ లేదు.

"సరే, లెక్క దొంగది. ప్యానెల్ కొనేవాళ్లను మోసం చేయడానికి అంకెలు మార్చారని ఒప్పుకుంటా. అది ఇంకో కేసు. అంకెలు అబద్ధమైతే మనిషి రోడ్డు మీద లేడని ఎలా అవుతుంది? తనీష్ స్టాండ్లు పెట్టినట్టు ఎలా అవుతుంది? మీ గాలి కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తుందా మేడమ్?"

అతను అన్నదాంట్లో తప్పులేదు. అదే ఆమెకు చేదుగా ఉంది. అయిదింటి దాకా ఆగుతానని, ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఆగనని చెప్పి అతను కోటు తొడుక్కున్నాడు. అప్పుడు టైము రెండూ పది.

రెండూ నలభైకి ఆమె ప్రణీత్ ఉండే బేస్‌మెంటు తలుపు తట్టింది. ఆరుగురు కుర్రాళ్లుండే ఇల్లు. తనీష్ పరుపు ఇంకా గోడకు ఆనించే ఉంది. ప్రణీత్‌ది కరీంనగర్. సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు. ఆంటీ కూర్చోండని కుర్చీ మీది బట్టలు తీసేసి, చాయ్ పెట్టబోతే ఆమె వద్దంది. అడిగినవాటికి అతను చెప్పిన జవాబులన్నీ పుస్తకంలో ఉన్నవే. తొమ్మిదీ యాభైకి మొదలు, పదకొండూ అయిదుకు ముగింపు. సార్ నడిపారు, తను స్టాప్‌వాచ్ పట్టాడు. ప్రతి అంకె తడుముకోకుండా చెప్పాడు.

"మీ కాలేజీలో ల్యాబ్ రికార్డు ఎలా రాసేవాళ్లు బాబూ?" అని అడిగింది సూర్యకుమారి.

అతనికి ప్రశ్న అర్థం కాలేదు.

"రీడింగులు ముందా, ఆన్సరు ముందా?"

ఆమె తన డిప్లొమా రోజుల సంగతి చెప్పింది. కాకినాడలో ల్యాబ్‌లో పనిచేసే మిషన్లు రెండే. సీనియర్ల రికార్డు చూసి ఆన్సరు ముందు రాసుకునేవారు. తర్వాత ఆ ఆన్సరు వచ్చేలా వెనక్కి లెక్కేసి రీడింగులు నింపేవారు. అనుమానం రాకుండా అక్కడక్కడ ఒక పాయింటు అటూ ఇటూ. మాస్టారు మార్జిను చూసి సంతకం పెట్టేవారు. "నువ్వూ అలాగే రాశావు. నాలుగు శాతం రావాలంటే నలభై తొమ్మిది రావాలి. అక్కణ్నుంచి వెనక్కొచ్చావు. గాలి ఒక్కదాన్నీ మర్చిపోయావు. ల్యాబ్‌లో గాలి ఉండదు కదా."

ఆమె ఇషిత తనతో అన్న మాట చెప్పింది. అయిదింటికి రిపోర్టు వెళ్తుందని, అందులో తనీష్ పేరు ఎక్కడ, ఏ మాట పక్కన ఉంటుందో చెప్పింది.

"నేను రోడ్డు మీద లేను ఆంటీ," అన్నాడు చివరికి. "ఆ రోజు వేర్‌హౌస్‌ల షిఫ్ట్ చేస్తున్న. స్టూడెంట్లకు వారానికి ఇరవై గంటలే పని, అప్పటికే అవి దాటిపోయినయి. క్యాష్ పని. బయటపడితే స్టడీ పర్మిట్ పోతది. సార్‌కు ఎరుకే. ఆ పని ఇప్పిచ్చిందే సార్."

మిగతాది మెల్లగా, ఆగి ఆగి వచ్చింది. సార్ ఆ రికార్డు మర్నాడు రాత్రి రాయించారు. ఎంత రావాలో చెప్పి, పాత పేజీలా ఉండాలన్నారు. తనతో ఉన్నానని రాస్తే షిఫ్టు సంగతి ఎవరూ అడగరని, ఇది తన మంచికేనని నచ్చజెప్పారు. తను నమ్మాడు. నమ్మకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

"మరి ఆ రోజు సార్ ఎక్కడున్నారు?"

ప్రణీత్ తన ఫోన్ తీశాడు. కాల్స్ జాబితాలో వెనక్కి వెళ్లడానికి చాలాసేపు పట్టింది. అక్టోబరు ఎనిమిది. ఇన్‌కమింగ్, అమరేశ్వర్ సార్. ఉదయం పదీ యాభై ఒకటి. మూడు నిమిషాలు.

సూర్యకుమారి సంచిలోంచి తన ఫోన్ తీసి, ఫొటో తీసుకున్న పేజీ చూసింది. ఏడో రన్, పదీ యాభై. ఆ నిమిషంలో ఇద్దరూ ఒకే కారులో పక్కపక్కన ఉండాలి. పక్క సీట్లో కూర్చున్నవాడికి ఎవరూ ఫోన్ చేయరు.

"ఏమన్నారు?"

"నువ్వియాల నాతోటి రోడ్డు మీద ఉన్నవ్, యాదుంచుకో అన్నరు. ఎందుకు సార్ అన్న. చిన్న యాక్సిడెంట్ అయింది, అంబులెన్స్‌కు చెప్పిన, భయపడకు అన్నరు." అతను ఫోన్ బోర్లా పెట్టాడు. "ఎనక నుంచి తనీష్ గొంతు వినపడ్డది ఆంటీ. 'అంకుల్, జర కారు లేపుండ్రి, కాళ్లు తెలుస్తలేవ్' అంటుండు. మెల్లగ, మర్యాదగనే అడుగుతుండు. అంబులెన్స్ వస్తుంది గదా అని నేను మళ్ల డబ్బాలు ఎత్తుకున్న."

అంబులెన్సుకు ఫోన్ వెళ్లింది పదకొండూ యాభై రెండుకు. ఒక గంటా ఒక నిమిషం తర్వాత.

ఆమె పొద్దున దీపం పెట్టి, కుర్రాడి ఆత్మకు శాంతి కలగాలని దండం పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు మళ్లీ దండం పెట్టుకోవాలంటే మాటలు దొరకలేదు. ఎవరి పేరున ఏమని అడగాలి? ప్రణీత్ తలకాయ రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ మాట పోలీసుల ముందు చెప్తే ఇరవై గంటల సంగతి కూడా బయటపడుతుందని ఆమె దాచకుండా చెప్పింది. లాయరుతో మాట్లాడతానంది, పర్మిట్ నిలుస్తుందని మాత్రం మాటివ్వలేనంది. అతను తనీష్ పరుపు వంక చూసి, వస్తానన్నాడు.

మూడూ నలభైకి ఫోన్ తెర ఫొటో, కుర్రాడు సంతకం చేసిన వాంగ్మూలం రంగనాథ్‌కు చేరాయి. రెండు నిమిషాల్లో అతను ఫోన్ చేశాడు. గొంతులో ఎకసెక్కం లేదు. తన రిపోర్టు చించేశానని, తనీష్ పేరు పక్కన నిర్లక్ష్యం అన్న మాట ఉండదని చెప్పి, వెంటనే పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"అయిదింటి దాకా ఆగుతానన్నారు కదా. ఆగండి," అంది సూర్యకుమారి.

"ఎందుకు? పారిపోతే?"

"సాక్ష్యమంతా మీ దగ్గరే ఉంది. అరవై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి ఎక్కడికి పోతాడు? ఇది నా సొంత విషయం. ఈ ఒక్కటీ అడుగుతున్నాను."

అతను సరేనన్నాడు, ఇష్టం లేకుండానే.

సరిగ్గా నాలుగు గంటలకు ఆమె అమరేశ్వరరావుగారికి ఫోన్ చేసింది. ఆయన ఎప్పటిలాగే, ఏమ్మా సూర్యకుమారీ బాగున్నావా అన్నారు. ఆమె పదీ యాభై ఒకటి అంది. ఇంకేమీ అనలేదు.

ఆయన తనకు వేరే దారి దొరకలేదన్నారు. స్టాండ్లు ప్యానెల్‌కు అడ్డమొస్తున్నాయని తీసేయమన్నది తనేనన్నారు. కుర్రాడి పేరు జీతాల జాబితాలో లేదు, అంబులెన్సు పిలిస్తే అదంతా బయటపడుతుంది. మర్నాడే కొనేవాళ్లు చూడ్డానికొస్తున్నారు. "నేనే బయటికి లాగేస్తాననుకున్నానమ్మా. జాక్ రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ జారింది. ఆ తర్వాత మాట్లాడ్డం మానేశాడు."

ఆమె కళ్లు మూసుకుంది.

1998లో, ఈ దేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో, విండ్ టన్నెల్‌లో రెండు షిఫ్టులు వరసగా చేసి ఆమె ఒక రీడింగు చూడకుండా నిద్రపోయింది. కాకినాడ అలవాటుతో ఖాళీ గడిలో సరిపోయే అంకె నింపేసింది. అది పట్టుకున్నది సూపర్‌వైజరుగా ఉన్న ఈయనే. పైవాళ్లకు చెప్పలేదు, అరవలేదు. తొమ్మిదింటికి మీటింగుంది, నీకో గంట టైముంది, నువ్వే వెళ్లి చెప్పు అన్నారు. ఆమె వెళ్లి చెప్పింది. ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఎప్పుడూ ఖాళీ గడిలో అంకె రాయలేదు. ఆ గంటను తిరిగి ఎలా ఇవ్వాలో ఇరవై ఒక్క ఏళ్లుగా తెలియలేదు.

"సార్, అయిదింటికి రంగనాథ్ పోలీసుల్ని పిలుస్తాడు. ఇప్పుడు నాలుగూ నాలుగు. మీరే వెళ్లి చెప్పుకోడానికి గంట టైముంది."

"గంట," అన్నారాయన.

"మీరు నాకిచ్చిందే. తిరిగిస్తున్నాను. తనీష్‌కు అందులో సగం చాలేది."

కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. కారు తాళాలు తీసిన చప్పుడు. తర్వాత ఆయన ఎంతో మర్యాదగా, "థాంక్సమ్మా," అన్నారు.

సూర్యకుమారి ఫోన్ పెట్టేసింది.